గచ్చు కింద నుంచి వచ్చే గాలిని ఒక ఏడాది కొలవండి: విజయవాడ నగరపాలక సంస్థకు బహిరంగ లేఖ

విజయవాడ నగరపాలక సంస్థ కమిషనర్ గారికి, టౌన్‌ప్లానింగ్, ప్రజారోగ్య విభాగాల అధికారులకు,

నమస్కారం.

నేను రిటైరైన సైట్ ఇంజినీరుని. ముప్పై ఏళ్లకు పైగా ఈ ఊళ్లో, గుంటూరులో, తెనాలిలో ఇళ్లు కట్టించాను. పునాది తవ్వకం దగ్గర్నుంచి గృహప్రవేశం రోజు మోటారు పనిచేయడం లేదని ఫోను వచ్చేదాకా అన్నీ చూసినవాణ్ణి.

అడిగేది చిన్న పని. నేలలోంచి ఇళ్లలోకి వచ్చి, ఏళ్ల తరబడి పీలిస్తే ఊపిరితిత్తుల కేన్సర్‌కు దారి తీయగల రేడాన్ అనే వాయువు ఊళ్లో కొన్ని వందల గదుల్లో ఎంత ఉందో ఏడాదిపాటు కొలిపించండి. ముఖ్యంగా కొండను ఆనుకుని కట్టిన ఇళ్లలో, సెల్లార్లలో, అపార్ట్‌మెంట్ల కింద వాచ్‌మన్ కుటుంబాలుండే గదుల్లో. ఆ లెక్క చేతికి వచ్చేవరకు దీని మీద ఒక్క రూలు కూడా పెట్టకండి. రెండో మాట కూడా మొదటిదంత ముఖ్యమే. ఎందుకో కింద చెబుతాను.

నాకు ఈ సంగతి తెలిసింది ఇక్కడ కాదు. మా అమ్మాయి వాళ్లు పెన్సిల్వేనియాలో ఇల్లు కొన్నారు. మేం వెళ్లినప్పుడు అల్లుడు ఇల్లంతా తిప్పి చూపిస్తూ చివరికి బేస్‌మెంట్‌లోకి తీసుకెళ్లాడు. మన మేస్త్రీలకు బేస్‌మెంట్ అంటే, బేస్‌మట్టం అంటే, గచ్చు కింద మట్టి నింపే ఎత్తు. వాళ్లకు భూమిలో సగం మునిగిన గది. ఆ గది మూలలో గచ్చును చీల్చుకుని తెల్లటి నాలుగంగుళాల పైపు ఒకటి పైకి లేచి, గోడ వెంట పోయి, ఇంటికప్పు దాటి వెళ్తోంది. దానికి నా కళ్ల ఎత్తులో యూ ఆకారంలో చిన్న గొట్టం బిగించి ఉంది, లోపల ఎర్రటి ద్రవం. ఒక పక్క పైకి ఉంది, రెండో పక్క కిందికి ఉంది.

"డ్రైనేజీ వెంట్ పైపా బాబూ?" అన్నాను.

"కాదు మామయ్యా, రేడాన్ పైపు. ఇల్లు కొనేముందు టెస్ట్ చేయిస్తే ఎక్కువొచ్చింది. అమ్మినవాళ్లే ఇది పెట్టించి ఇచ్చారు" అన్నాడు, గీజర్ పెట్టించిన సంగతి చెప్పినంత మామూలుగా.

ఆ గొట్టం నన్ను పట్టుకుంది. మన సైట్లలో లెవెల్ పైపుంటుంది కదా, రెండు కొసల్లో నీళ్లు సమానంగా నిలిస్తేనే పని సరిగ్గా ఉన్నట్టు. ఇక్కడ తిరకాసు. సమానంగా ఉంటే ఫ్యాన్ ఆగిపోయినట్టు. ఎగుడుదిగుడుగా ఉంటే గచ్చు కింది గాలిని పైపు లాగుతున్నట్టు. అంటే ఆ ఇంట్లో పగలూ రాత్రీ ఒక ఫ్యాన్ తిరుగుతూ, గచ్చు కింద మట్టిలోని గాలిని ఇంట్లోకి రానీయకుండా కప్పు మీదికి తోసేస్తోంది. సీలింగ్ ఫ్యాన్‌కి అయ్యేంత కరెంటు, అంతే. ముప్పై ఏళ్లు గచ్చులు పోయించిన నాకు, ఆ గచ్చు కింద గాలి ఉంటుందని, అది పైకి వస్తుందని ఎన్నడూ తట్టలేదు.

ఇక అసలు విషయం. మామూలు మట్టిలో, రాయిలో టన్నుకు రెండు మూడు గ్రాముల యురేనియం ఉంటుంది. గని అక్కర్లేదు, అణు కేంద్రం అక్కర్లేదు. మన పెరట్లో ఉంది, మన ఇటుకలో ఉంది. అది కోట్ల ఏళ్లుగా మెల్లగా విచ్ఛిన్నమవుతూ రేడియంగా, ఆ రేడియం రేడాన్‌గా మారుతుంది. ఆ వరసలో మిగతావన్నీ ఘన పదార్థాలే, రాయిలోనే పడి ఉంటాయి. రేడాన్ ఒక్కటే వాయువు. అందుకని రాతి పగుళ్లలోంచి, మట్టి సందుల్లోంచి కదులుతుంది. దాని సగం ఆయుష్షు 3.8 రోజులు, అంటే ఉన్నదాంట్లో సగం అన్ని రోజుల్లో విచ్ఛిన్నమైపోతుంది. ఆరుబయట తేలితే గాలిలో కలిసి పలచబడిపోతుంది. గచ్చు పగులులోంచి గదిలోకి వస్తే, తలుపులు వేసి ఉంటే, అక్కడే పోగవుతుంది. వంటగ్యాసుకైతే లీకైనప్పుడు తెలియాలని కంపెనీలే కంపు కలుపుతాయి. దీనికి ఎవరు కలుపుతారు?

పీల్చిన రేడాన్ చాలా వరకు ఊపిరితో తిరిగి బయటికి వచ్చేస్తుంది. బాధ దాని పిల్లలతో. రేడాన్ విచ్ఛిన్నమైతే పుట్టే పొలోనియం, సీసం, బిస్మత్ అణువులు గదిలోని దుమ్ముకు అంటుకుని ఊపిరితిత్తుల్లో దిగబడతాయి. అక్కడ పొలోనియం ఆల్ఫా కణాలను విసురుతుంది. ఆల్ఫా కణాన్ని కాగితం ముక్క కూడా ఆపేస్తుంది, ఒంటి మీద చర్మం ఆపేస్తుంది. కానీ ఊపిరితిత్తి లోపలి పొర చర్మం కాదు కదా. ఏళ్ల తరబడి అక్కడ దెబ్బలు పడితే కేన్సర్‌కు దారి తీయవచ్చు. ప్రపంచ ఆరోగ్య సంస్థ కింద పనిచేసే కేన్సర్ పరిశోధన సంస్థ 1988లోనే దీన్ని మనుషుల్లో కేన్సర్ కలిగించే వాటి జాబితాలో చేర్చింది. ఊపిరితిత్తుల కేన్సర్‌కు పొగతాగడం తర్వాత ముఖ్య కారణాల్లో ఇదొకటి. ఆయా దేశాల్లో సగటు మోతాదును బట్టి, ఆ కేన్సర్లలో 3 నుంచి 14 శాతం దీనివల్లే అని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా.

దీన్ని కొలిచేది బెకరెల్‌లలో. సెకనుకు ఒక అణువు విచ్ఛిన్నమైతే ఒక బెకరెల్. ఘనపు మీటరు గాలిలో 100 దాటకుండా చూసుకోండి, అది కుదరని చోట 300 మాత్రం దాటనీయకండి అని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లో దేశాలకు చెప్పింది. ఆరుబయట గాలిలో సాధారణంగా 5 నుంచి 15 వరకు ఉంటుంది. 100 అంటే ఏమిటో మన పది బై పన్నెండు పడకగదిలో లెక్క వేశాను. పదడుగుల ఎత్తుతో అది 34 ఘనపు మీటర్లు. అంటే ఆ గదిలో సెకనుకు 3,400 రేడాన్ అణువులు పేలుతుంటాయి, మనం నిద్రపోతున్నంత సేపూ.

ఈ అంకె చూసి గాభరా పడనక్కర్లేదు. అసలు ప్రమాదమెంతో చెప్పే లెక్కలు వేరే ఉన్నాయి, అవి కూడా చెప్పడం న్యాయం. యూరప్‌లోని 9 దేశాల 13 అధ్యయనాలను కలిపి 2005లో ఒక లెక్క తేల్చారు. జీవితంలో ఎన్నడూ పొగతాగని వెయ్యి మందిని తీసుకుంటే, 75 ఏళ్లలోపు ఊపిరితిత్తుల కేన్సర్ బారిన పడేవాళ్లు రేడాన్ అసలు లేకపోతే నలుగురు, ఇంట్లో 100 బెకరెల్‌లు ఉంటే ఐదుగురు, 400 ఉంటే ఏడుగురు. అదే పొగతాగేవాళ్లలో వందమంది, నూట ఇరవై మంది, నూట అరవై మంది. చూశారా, పొగతాగే ఇంట్లో ఈ వాయువు ఎంత చెడుపు చేస్తుందో. కాబట్టి రేడాన్ గురించి మాట్లాడే ఎవరైనా ముందు బీడీ, సిగరెట్ ఆపమని చెప్పాలి. నేనూ చెబుతున్నాను. నేను ఆపి పంతొమ్మిదేళ్లయింది.

అమెరికాలో దీని మీద అంత హడావుడి ఎందుకంటే, మా అమ్మాయి ఉండే రాష్ట్రంలోనే 1984లో ఒక సంగతి జరిగింది. స్టాన్లీ వాట్రాస్ అని, అణు విద్యుత్ కేంద్రం నిర్మాణంలో పనిచేసే ఇంజినీరు. ఒంటి మీద రేడియో ధార్మికత ఉందేమో చూసే యంత్రాలు అతను వచ్చినప్పుడల్లా మోగేవి. చిత్రమేమంటే ఆ కేంద్రం ఇంకా కరెంటు తీయడమే మొదలుపెట్టలేదు. వెతగ్గా వెతగ్గా తేలిందేమిటంటే అతను దాన్ని ఇంటి నుంచి మోసుకొస్తున్నాడు. ఇంట్లో కొలిస్తే ఘనపు మీటరుకు లక్ష బెకరెల్‌ల దరిదాపుల్లో వచ్చింది. దానికి కారణం వాళ్లిల్లున్న నేల కింది రాయి. వాళ్లు ఇల్లు ఖాళీ చేశారు, గచ్చు కింద పైపులు వేసి ఫ్యాన్లు పెట్టాక మళ్లీ వచ్చి అదే ఇంట్లో ఉన్నారు. ఈ కథలో నాకు నచ్చింది ఆ చివరి ముక్క. లక్షను కూడా పైపుతో దించగలిగారు.

మనకు అంత ఉంటుందని నేను అనడం లేదు. నిజానికి మన వాతావరణం మనకు చాలా మేలు చేస్తుంది. అక్కడ చలికాలమంతా తలుపులు బిగించి లోపల వేడి పెట్టుకుంటారు. వేడిగాలి పైకి పోతుంటే ఇల్లు ఒక పొగగొట్టంలాగా కింది నుంచి మట్టిగాలిని పీలుస్తుంది. మన అమ్మమ్మల ఇళ్లలో వీధి తలుపుకు ఎదురుగా పెరటి తలుపు, మధ్యలో మండువా. రేడాన్ నిలిచే ప్రశ్నే లేదు. గత ఇరవై ఏళ్లలో మారింది అది. ఇప్పుడు స్థలం గజం లక్షల్లోకి పోయాక మూడు పక్కలా గోడకు గోడ. అల్యూమినియం కిటికీలు, దోమల భయానికి సాయంత్రం ఐదింటికే మూత. రోహిణీ కార్తెలో ఒక గదిలో ఏసీ వేసుకుని నలుగురూ అందులోనే. స్ప్లిట్ ఏసీ బయటి గాలిని తేదు, ఉన్న గాలినే చల్లబరిచి తిప్పుతుంది. ఈ మాట చాలామందికి తెలియదు. అమెరికాలో తక్కువ రోజుల టెస్టు చేసేటప్పుడు 12 గంటల ముందు నుంచే కిటికీలన్నీ మూసి ఉంచమంటారు. మే నెలలో బెజవాడలో ఆ షరతు ఎవరూ చెప్పకుండానే అందరిళ్లలోనూ నెరవేరుతోంది.

తిరిగొచ్చేటప్పుడు అల్లుడు రేడాన్ కొలిచే చిన్న డిజిటల్ యంత్రం ఒకటి ఇచ్చాడు. బ్యాటరీతో నడుస్తుంది, అరచేతిలో పడుతుంది. దాన్ని ముందు మా ఇంట్లో పెట్టాను, తర్వాత మా చెల్లెలింట్లో.

మా చెల్లెలి ఇల్లు మొగల్రాజపురం కొండవాలులో. వెనక గది మీరు చూడాలి. మూడు గోడలు ఇటుకవి, నాలుగోది కొండే. రాతిని కొంత చెక్కి, సున్నం కొట్టి, దానికే చిన్న గూడు తొలిచి వినాయకుడి పటం పెట్టుకున్నారు. కరెంటు వైరు కూడా రాతి మీదుగానే పోతుంది. వానాకాలం సున్నం పొక్కులు లేచి, కింద చెమ్మ. గచ్చు రాతిని కలిసే చోట ఎప్పుడో సిమెంటు పూశారు. అది ఊడిపోయి వేలు పట్టేంత సందు పడింది. అందులోంచి చీమలు వస్తాయని మా చెల్లెలి బాధ. మేనల్లుడు ఇంటర్ చదువుతూ ఆ గదిలోనే పడుకుంటాడు, చల్లగా ఉంటుందని.

ఒకరోజు తెల్లవారుజామున తలుపులు, కిటికీలు మూయించి, వంటింట్లో ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేయించి, అగరొత్తి వెలిగించి ఆ సందు దగ్గర పట్టుకున్నాను. పొగ నిట్టనిలువుగా లేవాలి. లేవలేదు. సందు దగ్గర వంగి, ఎవరో ఊదినట్టు గదిలోకి మళ్లింది. ఫ్యాన్ ఆపించాను, నిలబడింది. మళ్లీ వేయించాను, మళ్లీ వంగింది. ఫ్యాన్ బయటికి తోసిన గాలికి బదులు గాలి ఎక్కడో ఒకచోట నుంచి రావాలి కదా. కిటికీలు మూస్తే అది కొండ లోపలి నుంచి వస్తోంది.

"అన్నయ్యా, రిటైరయ్యాక నీకు బొత్తిగా తోచడం లేదు" అంది చెల్లెలు.

పొగ వంగితే రేడాన్ ఉన్నట్టు కాదు. రాతి వెనకాల గాలి గదిలోకి వస్తున్నట్టు మాత్రమే. ఆ గాలిలో ఏముందో యంత్రం చెప్పాలి. వారం రోజులు ఆ గదిలో ఉంచాను. తలుపులు తీసి ఉన్న పగటి కంటే మూసి ఉన్న రాత్రి ఎక్కువ చూపించింది. ముందు గది కంటే వెనక గది ఎక్కువ. వాన పడిన రోజు ఇంకొంచెం ఎక్కువ. ఇది పుస్తకాల్లో చెప్పినట్టే ఉంది, చుట్టూ నేల తడిసి మూసుకుపోతే వాయువు పొడిగా ఉన్న ఇంటి అడుగు వైపు మళ్లుతుంది. ఎంత వచ్చిందో ఆ అంకెలు మాత్రం ఇక్కడ రాయను. ఒక్క యంత్రం, ఒక్క వారం, ఒక్క గది. నేను ఇక్కడ అంకె వేస్తే సాయంత్రానికి వాట్సాప్‌లో అది మొగల్రాజపురం మొత్తానికి అంటుకుంటుంది. రేడాన్ రోజుకోరకంగా, రుతువుకోరకంగా మారుతుంది. ఏడాది సగటు తప్ప మిగతావి నమ్మదగినవి కావు. అందుకే మిమ్మల్ని అడుగుతున్నది.

ఖర్చు సంగతికి వస్తాను. ఏడాదిపాటు కొలవడానికి ఖరీదైన యంత్రాలు అక్కర్లేదు. గుప్పెట్లో పట్టే ప్లాస్టిక్ డబ్బా, అందులో ఎల్‌ఆర్-115 అనే ఫిల్ము ముక్క. కరెంటు లేదు, బ్యాటరీ లేదు, చప్పుడు లేదు. మన భాభా అణు పరిశోధన కేంద్రం వాళ్లు తీర్చిదిద్దిన డబ్బాల నమూనాలతో దేశంలో ఎన్నో యూనివర్సిటీలు ఇళ్లలో కొలిచాయి. మూడు నెలలు గోడకు వేలాడదీస్తే, ఆల్ఫా కణం తగిలిన చోటల్లా ఫిల్ములో కంటికి కనపడనంత గీత పడుతుంది. తర్వాత ఆ ఫిల్మును 60 డిగ్రీల వేడిలో కాస్టిక్ సోడా ద్రావణంలో గంటన్నర ఉంచితే ఆ గీతలు చిల్లులుగా తేలతాయి. వాటిని లెక్కపెట్టడమే. మూడు నెలలకొక డబ్బా చొప్పున నాలుగు మారిస్తే ఏడాది పూర్తవుతుంది. పక్కనే నాగార్జున యూనివర్సిటీ ఉంది, ఊళ్లో ఇంజినీరింగ్ కాలేజీలు ఇన్ని ఉన్నాయి. ఎమ్మెస్సీ ఫిజిక్స్ పిల్లలకు ప్రాజెక్టు పని అవుతుంది. డబ్బాలు వేలాడదీయడానికి, మార్చడానికి వార్డు సచివాలయాల సిబ్బంది చాలు. పడకగదిలో, గచ్చు నుంచి కనీసం అర మీటరు ఎత్తున, ఫ్యాన్ గాలి నేరుగా తగలని చోట. వంటింట్లో, బాత్రూంలో వద్దు.

ఎక్కడెక్కడ పెట్టాలన్నది నా ముప్పై ఏళ్ల అనుభవంతో చెబుతాను. ముందు కొండ మీద, కొండ కింద ఇళ్లు. మొగల్రాజపురం, గుణదల, వన్‌టౌన్‌లో కొత్తపేట వైపు, విద్యాధరపురం, చిట్టినగర్. ఈ కొండలు తూర్పు కనుమల రాయి. పైపై పొర బాగా చివికి, పగుళ్లు పడి ఉంటుంది. వాయువు కదలడానికి పగుళ్లే దారి. తర్వాత సెల్లార్లు. గవర్నర్‌పేటలో, బెంజ్ సర్కిల్ చుట్టుపక్కల పార్కింగ్ కోసం తవ్వి తర్వాత షాపులో, ల్యాబో, ట్యూషన్ సెంటరో పెట్టిన సెల్లార్లు ఎన్నో మీకు నాకంటే బాగా తెలుసు. అక్కడ రోజుకు పది గంటలు కూర్చునే పిల్లలున్నారు. తర్వాత వాచ్‌మన్ గదులు. మామూలు స్టిల్ట్ పార్కింగ్ గాలి ఆడుతుంది కాబట్టి పై అంతస్తులకు అదే రక్షణ, నేల నుంచి వచ్చేది అక్కడే చెదిరిపోతుంది. నాలుగో అంతస్తులో ఉండేవాళ్లు ఈ లేఖ చదివి నిద్ర మానుకోనక్కర్లేదు. కానీ ఆ పార్కింగ్ మూలలో మెట్ల కింద, కిటికీ లేకుండా కట్టిన ఒక గది ఉంటుంది చూశారా, అలాంటివి నేనే బోలెడు కట్టించాను. ప్లానులో దాన్ని స్టోర్ అని చూపిస్తాం. అందులో భార్యాభర్తలు, ఇద్దరు పిల్లలు ఉంటారు. అవి కట్టించినందుకు నాకు సిగ్గుగానే ఉంది.

చివరగా కృష్ణలంకలో, రాణిగారితోటలో, పటమటలో కొన్ని ఇళ్లు. అక్కడ కింద అంతా నది తెచ్చిన ఒండ్రు. కొండతో పోల్చి చూడటానికి అవీ కావాలి.

జనం అడిగే ప్రశ్నలు కొన్ని నాకు ఇప్పటికే ఎదురయ్యాయి. ఒక ఆఫీసులో (మీది కాదు, పేరెందుకు లెండి) ఈ మాట ఎత్తితే, "రేడాన్ అంటే కొత్త వాటర్ ఫిల్టరా సార్?" అన్నారు. తప్పు వాళ్లది కాదు. ఇంకొకాయన, "యురేనియం పులివెందుల దగ్గర తుమ్మలపల్లెలో కదా, మహా అయితే మాచర్ల పక్కన కొప్పునూరులో. మనకేంటి?" అన్నాడు. పైన చెప్పాను, గని అక్కర్లేదు, కింద ఉన్న రాయి, మధ్యలో ఉన్న సందు, పైన మూసిన కిటికీ చాలు. అందరికంటే ఎక్కువ అడిగేది గ్రానైట్ గురించి. వంటింటి గట్టుకు వేసిన గ్రానైట్ పలక వల్ల గదిలో రేడాన్ చెప్పుకోదగ్గంత పెరగడం అరుదు. వేలు పోసి వేయించిన పలకలు పీకించకండి. బూడిద ఇటుకల్లో రేడియం మట్టి ఇటుకల్లో కంటే కొంచెం ఎక్కువున్నా, బూడిద రేణువులు గాజులాగా బిగుసుకుని ఉండడం వల్ల వాయువు బయటికి రావడం తక్కువ. బోరు నీళ్లలో మాత్రం రేడాన్ కరిగి ఉండొచ్చు, స్నానం చేసేటప్పుడు గాల్లో కలుస్తుంది. కానీ నీటి నుంచి గాలిలోకి చేరేది సుమారుగా పదివేల పాళ్లకు ఒక పాలు. కృష్ణ నీళ్లకు ఆ బెంగ కూడా లేదు, నదిలో పారేటప్పుడే అది పోతుంది. మొదటి అనుమానం ఎప్పుడూ గచ్చు కింద నేల మీదే.

ఎక్కువ వచ్చిన ఇళ్లలో ఏం చేయాలి అంటారా, అది నా పని కాబట్టి కాస్త విడమరచి చెబుతాను. పగుళ్లు పూడ్చడం మంచిదే గానీ అదొక్కటే చాలదు. ఒక సందు మూస్తే వాయువు ఇంకో సందు వెతుక్కుంటుంది. మొదట చేయాల్సింది గాలి. ఎదురెదురుగా రెండు కిటికీలు తెరవడం, లేకపోతే గోడకు పైన ఒకటి, కింద ఒకటి వెంటిలేటర్లు కొట్టడం. ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేసినప్పుడు ఒక కిటికీ తప్పకుండా తీసి ఉంచడం. అగరొత్తి పరీక్షలో ఇదీ చూశాను, ఫ్యాన్ తిరుగుతున్నా కిటికీ రెండు వేళ్లు తీస్తే చాలు, పొగ నిటారుగా నిలబడింది.

కొత్తగా కట్టేవాళ్లకు ఇది మరీ తేలిక. ఎలాగూ ఫిల్లింగ్ చేస్తాం. పైన నాలుగంగుళాల మందాన 20 ఎం.ఎం. కంకర పరిచి, అందులో చిల్లులు కొట్టిన పీవీసీ పైపు ముక్క ఒకటి పెట్టి, దాన్నుంచి నిలువు పైపు పిట్టగోడ దాటించడం. కంకర మీద మందపాటి పాలిథిన్ షీటు వేసి ఆ పైన కాంక్రీటు బెడ్డు. తర్వాత కొలిస్తే ఎక్కువ వస్తే పైపుకు ఫ్యాన్ బిగించుకోవచ్చు. ఫ్యాన్ పెట్టిన పైపు రేడాన్‌ను 99 శాతం దాకా కూడా తగ్గించగలదు. తక్కువ వస్తే పైపు అలాగే పడి ఉంటుంది, నష్టమేముంది. పైపు మీద మాత్రం పెద్ద అక్షరాలతో రాసి ఉంచాలి. లేకపోతే మన ప్లంబర్లు ఏదో ఒకరోజు బాత్రూం పైపు తెచ్చి దానికే కలుపుతారు. కలుపుతారో లేదో మీరే చెప్పండి.

కొండను ఆనుకున్న గదుల దగ్గర మాత్రం జాగ్రత్త కావాలి. వాయువు ఆపాలని ఎవరో చెబితే జనం రాతికి సిమెంటు దట్టంగా పూసేస్తారు, కొండను ఆపే రిటైనింగ్ వాల్‌లో నీరు బయటికి పోవడానికి వదిలే చిల్లులను (వీప్ హోల్స్) కూడా మూసేస్తారు. అప్పుడు వాన నీరు వెనకాల నిలిచి గోడను తోస్తుంది. 2024 ఆగస్టు 31న మొగల్రాజపురం సున్నపుబట్టీల సెంటర్ దగ్గర కొండచరియలు విరిగి ఇళ్ల మీద పడి ప్రాణాలు పోయాయి. ఆ రోజు మనం ఎవరం మర్చిపోలేదు. నీటి దారి మూయకూడదు. రాతికి రెండడుగులు వదిలి వేరే గోడ కట్టుకుని, మధ్య సందును పైకి తెరిచి ఉంచితే చెమ్మా పోతుంది, వాయువూ పోతుంది. స్థలం లేనివాళ్లకు కనీసం ఆ గది పడకగది కాకుండా చూడటం. మా మేనల్లుడి మంచం ముందు గదిలోకి మార్పించాను. వాడికి ఉక్కపోతగా ఉందట, నా మీద కోపంగా ఉన్నాడు.

ఇప్పుడు ఆ రెండో మాట. కొలవకముందే రూలు వద్దన్నాను కదా. మన దగ్గర ఏ మంచి మాటైనా ఎన్‌ఓసీ రూపంలోకి రాగానే ఏమవుతుందో నేను సైట్ మీద నిలబడి చూసినవాణ్ణి. ఇంకుడు గుంత తవ్వమంటే ఫొటో కోసం తవ్వి, ఫొటో అయ్యాక పూడ్చినవాళ్లు నాకు తెలుసు. రేడాన్‌కు కూడా ప్లాన్ ఫైలులో ఒక కాగితం, కాగితానికొక రేటు, కొలవకుండానే సంతకం పెట్టే ఏజెంటు తయారైతే, నేను ఈ లేఖ రాసినందుకు పశ్చాత్తాప పడతాను.

దానికంటే పెద్దది ఇంకొకటుంది. కొండవాలు ఇళ్లలో చాలామందికి పట్టాలు లేవు. నలభై ఏళ్లుగా ఉంటున్నా, ఎవరైనా ఫైలు పట్టుకుని గుమ్మంలోకి వస్తే, "ఖాళీ చేయిస్తారా?" అన్నదే మొదటి ప్రశ్న. చెల్లెలింట్లో నేను అగరొత్తి పట్టుకుని కూర్చుంటేనే పక్కింటావిడ వచ్చి, "ఏం కొలుస్తున్నారు అన్నయ్య గారూ, ఏదైనా నోటీసు వచ్చిందా?" అని అడిగింది. ఆవిడకు టెన్షన్ రేడాన్ గురించి కాదు. కాబట్టి డబ్బా వేలాడదీయడానికి వెళ్లే మనిషి చేతిలో మీ సంతకంతో ఒక కాగితం ఉండాలి: ఈ కొలతను ఇల్లు ఖాళీ చేయించడానికి గానీ, పన్ను వేయడానికి గానీ, కరెంటు, నీళ్లు ఆపడానికి గానీ వాడం, వచ్చిన అంకె ముందు ఆ ఇంటివాళ్లకే చెబుతాం, వీధి పేరుతో, ఇంటి నంబరుతో బయటపెట్టం. అది తెలుగులో, పెద్ద అక్షరాలతో ఉండాలి. అది లేకపోతే కొలవాల్సిన గదుల తలుపులే మూసుకుంటాయి, మీకు దొరికేవి ఎలాగూ గాలి ఆడే ఇళ్ల లెక్కలే. ఆ లెక్కలతో ఊరంతా బాగుందని రిపోర్టు వస్తుంది.

గుంటూరు నగరపాలక సంస్థ వారికి కూడా ఈ లేఖ ప్రతి పంపుతున్నాను. రెండు ఊళ్లు కలిసి చేస్తే డబ్బాల ఖర్చు, ల్యాబు ఖర్చు పంచుకోవచ్చు. అమరావతిలో ఇప్పుడు లేస్తున్న క్వార్టర్లకు కంకర, పైపు ఇప్పుడే వేసేస్తే తర్వాత గచ్చు పగలగొట్టే పని ఉండదు. ఆ సంగతి సీఆర్‌డీఏ ఇంజినీర్ల చెవిన వేయగలరని మనవి.

పని మొదలుపెడితే మొదటి డబ్బా మా ఇంట్లో, రెండోది మా చెల్లెలి వెనక గదిలో పెట్టుకోవచ్చు. వాళ్లను నేను ఒప్పించాను. రాతి గోడకు మేకు దిగదు కాబట్టి పక్క ఇటుక గోడకు, గచ్చు నుంచి నాలుగడుగుల ఎత్తున, మేకు కొట్టి ఉంచాను.

ఇట్లు,
ఒక రిటైర్డ్ సైట్ ఇంజినీరు,
మొగల్రాజపురం, విజయవాడ